‘రన్’కి ‘మేనేజ్’ అని రాస్తే తప్పా? మా పాపకి మార్కు తీసేసినారు

టిఫిన్‌సెంటర్_తిరుపతి: అందరికీ నమస్తే. మా పాప ఏడో క్లాసు, ఇంగ్లీష్ మీడియం. యూనిట్ టెస్టులో ‘రన్’ అనే మాటకి సినానిం రాయమన్నారు. వాక్యం గీక్యం ఏమీ లేదు, ఒట్టి మాటే. పాప ‘మేనేజ్’ అని రాసింది. ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టి పక్కన ‘స్ప్రింట్’ అని రాసి పంపించినారు. ఒక్క మార్కే, దాని గురించి కాదు. బిడ్డ నిన్నటి నుంచి నాయనా నేను రాసింది తప్పా తప్పా అని ఒకటే అడగతా ఉండాది, నేను చూస్తే తెలుగు మీడియం, అదీ పదో క్లాసుతో సరి. తెలిసినోళ్లు చెప్పండి.

కొర్లగుంట_కుర్రోడు: పాప రాసింది కరెక్టే అన్నా. రన్ ఏ కంపెనీ, రన్ ఏ హోటల్, వీటన్నిటికీ మేనేజే. మార్కు వెయ్యాల్సిందే.

పుత్తూరు_మాస్టారు: తొందరపడొద్దు నాయనా. 33 ఏళ్లు పిలకాయలకి ఇంగ్లీష్ చెప్పి రిటైరైనోడిని. వాక్యం ఇవ్వనప్పుడు మొదటి అర్థమే తీసుకోవాల. రన్ అంటే పరిగెత్తడం. ఇయ్యాల మేనేజ్‌కి మార్కేస్తే రేపు ఒకడు ‘ఫ్లో’ అంటాడు, ఇంకొకడు ‘ఆపరేట్’ అంటాడు. ఎన్నిటికని వేస్తారు?

కొర్లగుంట_కుర్రోడు: అన్నిటికీ వెయ్యాల సార్! ముక్కు కారితే రన్, కొళాయి పారితే రన్, మిషన్ ఆడితే రన్, ఎలక్షన్లో నిలబడినా అమెరికాలో రన్నే. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ వాళ్లు లెక్క తీస్తే రన్‌కి క్రియగా మాత్రమే 645 అర్థాలు తేలినాయి. పీటర్ గిల్లివర్ అనే ఎడిటర్ ఆ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు కూర్చున్నాడు. మీరేమో ఒకటే అంటా ఉండారు.

అలిపిరి_మెట్లు: రన్ కాదు బ్రో, సెట్. ఇంగ్లీషులో ఎక్కువ అర్థాలు సెట్‌కే.

కొర్లగుంట_కుర్రోడు: అది పాత లెక్క. 1989లో వచ్చిన రెండో ఎడిషన్లో సెట్‌కి 430. రన్‌ని మళ్లీ కొత్తగా రాసినాక అది దాటిపోయింది.

అలిపిరి_మెట్లు: మా జీకే బుక్కులో సెట్ అనే ఉంది. రేపు పరీక్షలో అడిగితే మీ 645 రాయమంటారా?

పుత్తూరు_మాస్టారు: చూసినావా. కీ లో ఏముందో అదే రాయాల. నేను చెప్పేదీ అదే.

నగరి_మగ్గం: రన్ అంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతాది సార్. బయటి రాష్ట్రం షాపుకి 40 చీరలు పంపినా, మెరూన్ బాడీకి గోధుమ రంగు అంచు. వారం తర్వాత వాట్సాప్‌లో ‘కలర్ రన్స్’ అని మెసేజ్. మన అంగళ్లలో రన్నింగ్ ఐటెం అంటే బాగా అమ్ముడుపోయేది కదా, నేను అదే అనుకోని థాంక్యూ సార్ అని పెట్టి ఇంకో 60 చీరలు అద్దకానికి ఇచ్చేసినా. వాళ్లు చెప్పింది తడిపితే మెరూన్ దిగి అంచంతా ఎర్రగా అయిపోతా ఉండాదని. మొత్తం వాపస్. మా ఆవిడ ఇప్పటికీ ఇంట్లో ఏదన్నా చెడిపోతే కలర్ రన్స్ అంటాది.

పాకాల_జంక్షన్: 😂😂 థాంక్యూ సార్ అంట

పాకాల_జంక్షన్: ఒకటి గమనించినారా, వాళ్లకి హోటల్ పరిగెత్తుతాది, బస్సు పరిగెత్తుతాది, గవర్నమెంటు పరిగెత్తుతాది. మనకి అన్నీ నడుస్తాయి. హోటల్ నడుపుతా ఉండాడు అంటాం గానీ పరిగెత్తిస్తా ఉండాడు అనం. ఇంక పరిగెత్తడం అని బట్టీ పట్టిన పిల్లకి హోటల్ సంగతి ఎట్ల తెలుస్తాది?

పుత్తూరు_మాస్టారు: బాగా చెప్పినావు, కానీ అది పెద్ద క్లాసుల్లో.

కొర్లగుంట_కుర్రోడు: పెద్ద క్లాసుల్లో ఎవురు చెప్పినారు సార్ నాకు? చెన్నైలో ఇంటర్వ్యూకి పోతే ‘రన్ మీ త్రూ యువర్ ప్రాజెక్ట్’ అన్నాడు. నాకు పరిగెత్తడం ఒకటే తెలుసు. బిక్కమొహం వేసుకోని కూర్చున్నా. పాపం ఆయన మార్చి ‘వాక్ మీ త్రూ’ అన్నాడు, అప్పటిదాకా పరిగెత్తమని ఇప్పుడు నడవమంటాడేందిరా అనుకున్నా. రెండిటికీ మొదటి నుంచి చెప్పుకోని రా అనే అర్థం. నా ప్రాజెక్ట్ నాకు నోటికొచ్చు సార్, ఆ మాటే రాలేదు. మీలాంటోళ్లు మొదటి అర్థం మొదటి అర్థం అని రుద్దినందుకే నా ఉద్యోగం పోయింది.

పుత్తూరు_మాస్టారు: మర్యాదగా మాట్లాడు. నీ ఉద్యోగం నేను తీసినానా? తెలుగులో మటుకు ‘కొట్టు’ అంటే ఏం చెప్తావు ఫారినోడికి? టెంకాయ కొట్టడం, గుండు కొట్టించుకోవడం, ఫోను కొట్టేయడం, బోరు కొట్టడం. ఇంగ్లీష్ మీడియం జీవో 81ని 2020లో హైకోర్టు కొట్టేసింది అంటే జడ్జీలు దొంగతనం చేసినట్టా? ముందు బాదడం అని చెప్పి, ఆ తర్వాతే మిగతావి.

కొర్లగుంట_కుర్రోడు: మీరే చెప్పినారు కదా సార్! టెంకాయ పక్కన ఉంటేనే కొట్టు ఏందో తెలుస్తాది. ఒట్టి కొట్టు ఇచ్చి సినానిం రాయమంటే బాదు అని రాసినా ఒప్పే, దొంగిలించు అని రాసినా ఒప్పే. ప్రశ్నే తప్పు.

టిఫిన్‌సెంటర్_తిరుపతి: అందరూ ఆగండి. ఇప్పుడే పాప జూన్‌లో రాసిన నోట్‌బుక్ తెచ్చి చూపిచ్చింది. ‘మై ఫ్యామిలీ’ అని వ్యాసం. పాప ‘మై ఫాదర్ హ్యాస్ టిఫిన్ సెంటర్’ అని రాసుంటే మేడమే ‘హ్యాస్’ కొట్టేసి పైన ‘రన్స్ ఏ’ అని రాసింది. అదే ఎర్ర ఇంకు. పాప ఆడి నుంచే నేర్చుకునింది.

నగరి_మగ్గం: అయిపాయె.

పాకాల_జంక్షన్: ఫొటో తీసుకోని స్కూలుకి పో అన్నా ఇంకేంది.

పుత్తూరు_మాస్టారు: ఆ మేడమ్‌కి తెలీక కాదు. తెలిసే ఇంటూ వేసింది. మీకెవురికీ తెలీని సంగతి చెప్తా. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్లో కీ లో లేని జవాబు సరిగ్గా ఉందని నేను ఒక పిల్లోడికి మార్కేసినా. రీవెరిఫికేషన్లో పట్టుకోని నాకు మెమో ఇచ్చినారు. జవాబు కరెక్టేనని డిక్షనరీ తీసుకోని పోతే, ఆ ఆఫీసరు డిక్షనరీ తెరవనుకూడా లేదు, కీ చూపించి సంతకం పెట్టమన్నాడు. ఆ తర్వాత నేను కీ దాటలేదు. పిలకాయలు ఒప్పు రాసినా ఇంటూ కొట్టినా, ఎన్నోసార్లు.

కొర్లగుంట_కుర్రోడు: ఇది ముందే చెప్పుంటే సరిపోయేది కదా సార్. మూడు గంటల నుంచి కొట్లాడతా ఉండాం.

టిఫిన్‌సెంటర్_తిరుపతి: పోవాలనే ఉండాది, నాకు భయం సార్. పోయిన తూరి ఫీజు గురించి అడగడానికి పోతే ముందర కూర్చునే ఆ అమ్మాయి గబగబా ఇంగ్లీషులో ఏందో అనింది. నాకు అర్థం కాక ఎస్ ఎస్ అని వచ్చేసినా. పాప పక్కనే ఉండాది. బయటికి వచ్చినాక ఆమె ఏమడిగిందో తెలుసా నాయనా అనింది. తెలుసులే అన్నా.

పుత్తూరు_మాస్టారు: సోమవారం కంటాసుపత్రికి తిరుపతి వస్తా ఉండా. మీ అంగడి యాడ?

టిఫిన్‌సెంటర్_తిరుపతి: బస్టాండు దగ్గరే సార్, లొకేషన్ పంపిస్తా. స్కూల్లో మీరు మాట్లాడతారా?

పుత్తూరు_మాస్టారు: మాట్లాడతా. తెలుగులోనే. ఆ పాత నోట్‌బుక్ మాత్రం మర్చిపోవద్దు, పాపని కూడా పిలుచుకోని రా.

అలిపిరి_మెట్లు: అంతా సరే, సెట్‌కి 430 అనేది నామవాచకం కూడా కలిపా, ఒట్టి క్రియకేనా?