చీనీ తోటలోని వాతావరణ యంత్రం వానను తక్కువ చూపిస్తోంది. మనమే సరిచూసుకోవడం ఎలా?

ప్రశ్న (నార్పల రైతు):

అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లా నార్పల మండలంలో మాకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. మూడేళ్ల క్రితం మరి ఏడుగురు రైతులతో కలిసి తోట గట్టున ఒక వాతావరణ యంత్రాన్ని పెట్టించుకున్నాము. అది వానను, గాలిని, ఎండను కొలిచి ఫోనుకు పంపుతుంది. చెట్ల కింద రెండు లోతుల్లో నేల తేమ సెన్సార్లు కూడా ఉన్నాయి. మొన్న రాత్రి కురిసిన వాన, కంచె రాతికి కట్టిన మామూలు కొలత గొట్టంలో 31 మి.మీ. ఉండగా యంత్రం 19 మాత్రమే చూపింది. తవ్వి చూస్తే నేల జానెడు లోతు తడిసి ఉంది కాబట్టి నాకు గొట్టం మీదే నమ్మకం. పై లోతు సెన్సారు కూడా గంటసేపు డ్రిప్పు వదిలినా పొడిగానే ఉందంటోంది. అమర్చినవారు ఫోను ఎత్తడం లేదు. మా అంతట మేము ఏమేమి చూసుకోవచ్చో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (విశ్రాంత వాతావరణ పరిశీలకుడు, అనంతపురం):

ముందుగా ఫోనులో ఆ రాత్రి లెక్కను గంటల వారీగా తీసి చూడండి. వాన నిలిచిపోయిన తర్వాత కూడా చాలాసేపు 0.2 మి.మీ. చొప్పున నమోదవుతూ ఉంటే యంత్రంలో వాన నీటిని పట్టే గరాటు అడుగు సగం మూసుకుపోయిందని అర్థం. ఆకులు, పిట్టల రెట్ట, చీమలు చేర్చిన మన్ను అక్కడ అడ్డుపడతాయి. గరాటు కింద చిన్న జంట బకెట్టు ఉంటుంది, ఒక పక్క నిండగానే ఒరిగి రెండో పక్క నీటి కిందికి వస్తుంది, ఆ ఒరుగులనే యంత్రం లెక్కపెడుతుంది. అసలు ఏమీ నమోదు కాకపోతే ఈ బకెట్టుకు సాలెగూడు పట్టిందేమో చూడాలి. ఇటువంటి లోపానికి యంత్రం ఏ హెచ్చరికా ఇవ్వదు. వాన లేని రోజు ఎలా సున్నా చూపుతుందో అలాగే చూపుతుంది. అందుకే నెలకు ఒకసారైనా మూత తీసి చూడడం తప్పనిసరి.

శుభ్రం చేశాక మేస్త్రీల రసమట్టాన్ని రెండు దిశల్లోనూ పెట్టి చూడండి. స్తంభం ఒరిగితే రెండు బకెట్లూ సమానంగా నిండవు. ఆ తర్వాత అసలు పరీక్ష. గరాటు వ్యాసం 20 సెం.మీ. అయితే దాని వైశాల్యం 314 చదరపు సెం.మీ. కాబట్టి 314 మి.లీ. నీరు 10 మి.మీ. వానతో సమానం, ఒక్కో ఒరుగుకు 0.2 మి.మీ. చొప్పున బకెట్టు 50 సార్లు ఒరగాలి. మీ గరాటు 16 సెం.మీ. ఉంటే 201 మి.లీ. చాలు. నీటిని గుమ్మరించవద్దు, ఎందుకంటే జోరుగా పడినప్పుడు బకెట్టు ఒరిగే క్షణంలో కొంత నీరు లెక్కలోకి రాకుండా పోతుంది. కొలిచిన నీటిని ఖాళీ సెలైన్ సీసాలో పోసి, దాని గొట్టంతోనే అరగంటకు తగ్గకుండా చుక్కలుగా వదలండి. 47కు తగ్గినా 53కు మించినా సవరణ అవసరం. అయితే అడుగున ఉన్న మరలను మాత్రం మీరు తిప్పవద్దు. ఒకసారి చెడిందంటే వాటిని తిరిగి కుదర్చడం కష్టం. పరీక్షకు ముందు లాగరుకు (లెక్కను నమోదు చేసే పెట్టెకు) వెళ్ళే తీగను ఊడదీసి ఒరుగులను చేత్తో లెక్కపెట్టుకోండి, లేకపోతే కురవని వాన మీ ఎనిమిది మంది ఫోన్లకూ చేరుతుంది.

జవాబు 2 (గార్లదిన్నె నుంచి ఒక మహిళా రైతు):

తేమ సెన్సారు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మా గరుసు నేలలో ఇదే చిక్కుతో ఒక కాలమంతా నష్టపోయాను. సెన్సారు పక్కనే ఒక బిందె నీళ్ళు పోయండి. అంకె కదిలితే సెన్సారు బాగానే ఉంది, డ్రిప్పు నీరే దాని దాకా రావడం లేదు. ఎర్రనేలలో నీరు పక్కలకు పాకడం కంటే కిందికే ఎక్కువ దిగుతుంది. కదలకపోతే తీగను ఎలుకలు కొరికాయేమో చూడండి. మేము పాత డ్రిప్పు పైపును నిలువుగా చీల్చి తీగకు తొడిగి, రెండు మూతులలోనూ ఇనుప పీచు కుక్కాము.

తీగ కూడా బాగుంటే సెన్సారు చుట్టూ గాలి సందు ఉందనుకోవాలి. గరుసులో ఇది మామూలే, ఆ సందు వల్లనే అంకె పొడిగా వస్తుంది. అదే లోతు మట్టిని జల్లించి దోసె పిండిలా కలిపి, గుంతలో పోసి సెన్సారును అందులో దించండి. రెండు తడులు అయ్యేవరకు దాని మాట నమ్మవద్దు. తిరిగి పాతేటప్పుడు పక్కన ఒక కర్ర నాటడం మరవకండి. మా మొదటి సెన్సారు గుంటకకే పోయింది.

జవాబు 3 (ఉరవకొండ):

వాన కొలిచే పాత్ర చుట్టూ ఏముందో కూడా చూడండి. మూడేళ్లలో చెట్లు పెరిగి ఉంటాయి. ఏ చెట్టయినా తన ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి, పన్నెండు అడుగుల చెట్టయితే ఇరవై నాలుగు అడుగులన్నమాట. మా వైపు గాలి సంగతి వేరే చెప్పాలా? ఎత్తైన స్తంభం మీది పాత్ర గాలి వానలో నేలకు దగ్గరగా ఉన్నదానికంటే తక్కువే పడుతుంది. వాతావరణ శాఖ మామూలు వర్షమాపకం అంచు నేల నుంచి 30 సెం.మీ. ఎత్తులోనే ఉంటుంది.

నార్పల రైతు:

పెద్దలు చెప్పినట్లే చేశాను. ఆ రాత్రి వాన పదకొండుకే ఆగింది, యంత్రం మాత్రం తెల్లవారుజాము దాకా లెక్కపెడుతూనే ఉంది. గరాటులో పిడికెడు చీమల మన్ను, స్తంభం ఒక పక్కకు ఒరుగు. మన్ను తీసి పరీక్షిస్తే 41, స్తంభం సరిచేశాక 49 వచ్చాయి. గార్లదిన్నె అమ్మా, బిందె నీళ్ళకు సెన్సారు వెంటనే పలికింది. డ్రిప్పరు దానికి అడుగున్నర దూరంలో ఉంది. సెన్సారును దగ్గరకు జరుపుతున్నాను. ఇక ఉరవకొండ వారు అడిగిన చెట్టు తొమ్మిది అడుగుల దూరంలోనే ఉంది, ఎత్తు పదమూడు అడుగులు. అది పక్క రైతుది, నిండా కాపు మీద ఉంది. స్తంభాన్నే జరపాలని ఆయన అంటున్నారు, జరిపే ఖర్చు ఎవరు పెట్టాలన్నదే ఇంకా తేలలేదు.