డ్రాయింగ్ పీరియడ్‌లో కెరీర్ గురించి ఏం చేయించొచ్చు? చేసి చూసినవాళ్లు చెప్పండి

రంగులపెట్టె:
బళ్లో డ్రాయింగ్ టీచర్ని. నా పిల్లలకి 14, 15 ఏళ్లుంటాయి. ఆర్ట్ పీరియడ్‌లోనే కెరీర్ గురించి కూడా ఏదైనా చేయించమని ఈసారి హెడ్‌మాస్టరు గారు అన్నారు. ఇలాంటప్పుడు అందరూ చేయించేది ఒకటే, "పెద్దయ్యాక నేను" అని బొమ్మ. ఏమొస్తుందో మీకూ తెలుసు: తెల్లకోటు, టోపీ, విమానం, మైకు. బట్టలు చూసి ఎవరో పోల్చుకోవచ్చు గానీ, ఆ మనిషి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తాడో ఏ బొమ్మలోనూ కనపడదు. బాగా గీసే ముగ్గురు నలుగురి గురించి కాదు నేనడిగేది. వాళ్లెలాగూ దారి వెతుక్కుంటారు. మిగతా క్లాసుకి కూడా పనికొచ్చేది కావాలి.

దారిచూపు:
కెరీర్ కౌన్సెలింగ్ నా వృత్తి. మనిషిని వద్దు, ఆ మనిషి పనిచేసే బల్లని గీయమనండి. వెంటనే ఇరుక్కుంటారు. లాయరు బల్ల మీద ఏముంటుందో వాళ్లకేం తెలుసు? అప్పుడు ఆ పని చేసేవాళ్లనెవరినైనా పట్టుకుని అడగాల్సొస్తుంది: ఎంతసేపు కూర్చుంటారు, పక్కన ఎవరుంటారు, పని చెడితే ఎవరికి జవాబు చెప్పుకోవాలి. ఉత్తినే ఇంటర్వ్యూ చేసి రమ్మంటే నాలుగు లైన్లు రాసుకొచ్చి చేతులు దులుపుకుంటారు. బొమ్మ గీయాలంటే వివరం లేకుండా పెన్సిల్ కదలదు.

ఇంకో సంగతి. మా వాళ్లు వాడే ఆసక్తి పరీక్షల్లో చాలావాటికి మూలం జాన్ హాలండ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1959లో మొదలుపెట్టిన సిద్ధాంతం. ఆసక్తుల్ని ఆరు రకాలుగా చూస్తుంది, అందులో కళ ఒకటి. దాంతో ఆర్ట్ క్లాసంటే ఆ ఒక్క రకం పిల్లలకే అని చాలామంది అనుకుంటారు. ఒక ప్రదర్శన పెట్టించి చూడండి. బొమ్మలు గీసేవాడు కాక, ఫ్రేములు కొట్టేవాడు, రంగు ఎందుకు పగిలిందో ఆరా తీసేవాడు, చిన్నపిల్లలకి విడమర్చి చెప్పేవాడు, వచ్చినవాళ్లతో మాటలు కలిపి టికెట్లు అమ్మేవాడు, జాబితా రాసేవాడు... ఆరూ అక్కడే తేలతాయి.

24ఫ్రేములు:
దారిచూపు గారి మాటకి నా వంతు కలుపుతా. యానిమేషన్‌లో ఉన్నాను. "మావాడు బొమ్మలు బాగా వేస్తాడు, మీ లైన్లో పెట్టించండి" అని అడుగుతుంటారు. ఏ పనిలో పెట్టమంటారు అని అడిగితే జవాబుండదు. కథని బొమ్మల్లో విడగొట్టే స్టోరీబోర్డు వేరు, ఏ షాట్‌లో ఏది ఎక్కడుండాలో తేల్చే లేఅవుట్ వేరు. పాత్ర ఎముకలూ కీళ్లూ బిగించే రిగ్గింగ్ వేరు, దానికి బొమ్మలకన్నా లెక్కలూ కోడింగూ ఎక్కువ కావాలి. చివర్లో పొరలన్నీ అతికించే కంపోజిటింగ్ ఇంకో లోకం.

క్లాసులో చెయ్యగలిగేది చెప్తా. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేముల సేపు నిలిపితే సెకనుకి 12 బొమ్మలు సరిపోతాయి, చేత్తో గీసే యానిమేషన్‌లో మామూలుగా జరిగేదిదే. కాగితాలు గబగబా తిప్పితే బొమ్మ కదిలినట్టు కనపడే ఫ్లిప్‌బుక్, రెండు సెకన్లదంటే 24 కాగితాలు. నలుగురికో జట్టు: ఒకరు కథా టైమింగూ, ఒకరు ముఖ్యమైన భంగిమలు, ఒకరు మధ్య బొమ్మలు, ఒకరు గీతలు శుభ్రం చేసి వరస పెట్టడం. బంతి ఎగిరి పడితే చాలు, కథ పెద్దదొద్దు. మధ్య బొమ్మలు ఓపిగ్గా గీసేవాడెవడో, పదో కాగితానికి కిటికీలోంచి చూసేవాడెవడో మీకే కాదు, వాళ్లకీ తెలిసిపోతుంది.

ఇద్దరుపిల్లలనాన్న:
అందరూ ఆర్ట్ పక్షానే ఉన్నట్టున్నారు కాబట్టి అవతలి పక్క మాట నేను చెప్తా. ఇదంతా కూడు పెడుతుందా? మా పిల్లల బళ్లో అయితే బొమ్మలేస్తే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని కూడా చెప్పారు. అది నిజమేనా, లేక ఫీజు కట్టించుకోడానికి చెప్పే కబురా?

చదువరి:
@ఇద్దరుపిల్లలనాన్న మార్కుల సంగతిలో మీ అనుమానం సబబే. ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్ని జల్లెడ పట్టి 2000లో ఫలితాలు వేశారు. బొమ్మల క్లాసుల వల్లే చదువు మార్కులు పెరిగాయనడానికి నమ్మదగ్గ ఆధారం దొరకలేదు. నాటకం వేయించడం వల్ల భాషా నైపుణ్యాలు పెరగడం లాంటి కొన్నింటికి మాత్రం దొరికింది. కళల పక్షాన ఉన్నవాళ్లే ఈ మాట చెప్పేసరికి చాలామందికి కోపమొచ్చింది కూడా.

వాళ్లు అక్కడితో ఆగలేదు. మార్కులు కాకపోతే ఆర్ట్ క్లాసులో అసలు ఏం నేర్చుకుంటున్నారో చూద్దామని క్లాసుల్లోనే కూర్చున్నారు. 2007లో తమ బృందంతో కలిసి ఎనిమిది అలవాట్లు పట్టి చూపించారు. పరిశీలించడం, లేనిదాన్ని ఊహించుకోవడం, విసుగొచ్చినా పట్టు వదలకపోవడం, చేసినదాన్ని తిరిగి చూసుకుని మాట్లాడగలగడం లాంటివి. నాకు నచ్చేది చివరిది. తను చేసిన పనిని పదిమంది ముందు పెట్టి, వాళ్లు తప్పులు చెప్తుంటే ఏడవకుండా వినగలగడం పదిహేనేళ్లకి వేరే ఏ పీరియడ్‌లో దొరుకుతుంది?

పంటిపని:
కూడు పెడుతుందా అన్నారు కాబట్టి రాస్తున్నా. డెంటల్ ల్యాబ్‌లో పింగాణీ పళ్లు చేస్తాను. మా దగ్గరుండే క్లాసిక్ షేడ్ గైడ్‌లో 16 రంగులుంటాయి, పేషెంటు పంటికి ఏది దగ్గరో అందులోంచి ఎంచాలి. అక్కడితో అయిపోదు. పంటి అంచు దగ్గర వెలుతురు కాస్త లోపలికి పోతుంది, చిగురు దగ్గర పసుపు ముదురుతుంది, పక్క పంటి మీద సన్నని చారలుంటాయి. వాటిని పొరలు పొరలుగా పేర్చి, కాల్చి తేవాలి. ట్యూబ్‌లైటు కింద సరిపోయిన పన్ను ఎండలోకి రాగానే తేలిపోవచ్చు. పన్నెండు పళ్లు బాగా కుదిరి ముందు పన్ను ఒక్కటి తేడా వస్తే పేషెంటు నవ్వడం మానేస్తాడు.

ఇది కెరీర్ చార్టుల్లో కళల కింద ఉండదు, వైద్యం కింద ఎక్కడో అడుగున ఉంటుంది. కృత్రిమ కన్ను చేసేవాళ్లు కనుపాపని చేత్తో రంగులద్ది గీస్తారని ఎంతమంది పిల్లలకి తెలుసు? పాత చిత్రాల్ని బాగుచేసే కన్జర్వేటర్‌కి కెమిస్ట్రీ తప్పనిసరి అని? డ్రాయింగ్ టీచర్లు ఇలాంటివి చెప్తే బాగుంటుంది.

బూడిదరంగు:
నాకు 17. ఎరుపు, ఆకుపచ్చ కొన్ని షేడ్లలో తేడా తెలీదు. డిజైన్ చదువుతానంటే ఇంట్లో అందరూ నీకెందుకమ్మా అన్నారు. చదవొచ్చా? నిజం చెప్పండి.

అట్టమీదబొమ్మ:
చదవొచ్చు తల్లీ. పుస్తకాల అట్టలూ లోపలి బొమ్మలూ వేస్తుంటాను, నాతో పనిచేసిన మంచి డిజైనర్లలో ఒకాయనకి ఇదే ఇబ్బంది. రంగుల్ని పేరుతో కాదు, కంప్యూటర్‌లో ప్రతి రంగుకీ ఉండే కోడ్ నంబరుతో పట్టుకుంటాడు. యూరప్ మూలాలున్న మగవాళ్లలో 8 శాతం మందికీ, ఆడవాళ్లలో సుమారు 0.5 శాతం మందికీ ఈ తేడా ఉంటుంది. అంటే తెర మీద ఏం పెట్టినా చూసేవాళ్లలో నీలాంటివాళ్లు తప్పకుండా ఉంటారు. వెబ్ పేజీల కోసం పెట్టుకున్న డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో 'AA' అనే స్థాయికి, మామూలు అక్షరానికీ దాని వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగు తేడా, కనీసం 4.5:1 ఉండాలి. రంగు ఒక్కదానితోనే సమాచారం చెప్పకూడదని కూడా నియమం ఉంది. వేరేవాళ్లు నేర్చుకుని గుర్తుపెట్టుకోవాల్సినవి నీకు కళ్లముందే కనపడతాయి.

మరీ తియ్యగా చెప్పను. బట్టల అద్దకం, ప్రింటింగ్‌లో రంగులు సరిచూసే పనీ నీకు కష్టమవుతాయి. అక్షర రూపకల్పన, శిల్పం, యాప్ ఇంటర్‌ఫేస్, లైన్ డ్రాయింగ్, వీటిలో చెయ్యి పెట్టి చూడు.

బూడిదరంగు:
థాంక్స్ అండీ. కోడ్ నంబరు సంగతి ఎవరూ చెప్పలేదు.

కథలరాయుడు:
స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ గురించి చెప్పండి పిల్లలకి! చిత్రకారుడవుదామనుకున్న కుర్రాడు, తండ్రి అనాటమీ చెప్పే వైద్యుడు. ఎముకలు గీయిస్తూ కొడుకుని వైద్యంలోకి దింపాడు. ఆ చెయ్యే తర్వాత మెదడులోని నాడీకణాల్ని గీసింది, 1906లో నోబెల్ వచ్చింది.

24ఫ్రేములు:
@కథలరాయుడు మంచి కథే గానీ, నోబెల్ వచ్చినవాళ్ల కథలు వింటే మా క్లాసులో వెనక బెంచీ నిద్రపోయేది. హ్యారీ బెక్ గురించి చెప్పండి. డ్రాఫ్ట్స్‌మన్, కరెంటు సర్క్యూట్లు గీసే అలవాటున్నవాడు. 1931లో లండన్ భూగర్భ రైలు మ్యాపుని అలాగే గీశాడు: అసలు దూరాలు పక్కనపెట్టి, గీతలన్నీ నిలువు, అడ్డం, 45 డిగ్రీల ఏటవాలు మాత్రమే. మొదట వద్దన్నారు, 1933లో అచ్చయింది. ఇప్పటికీ ప్రపంచంలో మెట్రో మ్యాపులు దాదాపు అదే దారి. పిల్లల చేత బడి మ్యాపు ఆ పద్ధతిలో గీయించొచ్చు, ఒక్క పీరియడ్ చాలు.

బొగ్గుముక్క:
ఆర్ట్ టీచర్‌గా రిటైరయ్యాను. ఒక మాట అనకుండా ఉండలేకపోతున్నా. పిల్లలు ఊపిరి తీసుకునే పీరియడ్ అదొక్కటే. దాన్ని కూడా ఉద్యోగాల సంత చేస్తే ఎలా? బ్రష్ పట్టుకున్న ప్రతిసారీ "దీనివల్ల ఏమవుతావు" అని అడిగితే బ్రష్ పక్కనపెట్టేస్తారు.

అయినా, ఎంచుకునే ముందు అన్నీ ముట్టుకుని చూడాలన్న మాట కొత్తదేం కాదు. 1919లో జర్మనీలో మొదలైన బౌహౌస్ అనే కళల బళ్లో, నేత, లోహం, వడ్రంగం లాంటి వర్క్‌షాపుల్లో చేరే ముందు అందరికీ సుమారు ఆర్నెల్ల ప్రాథమిక కోర్సు ఉండేది. పదార్థం, ఆకారం, రంగు, వీటితో ఆడుకోవడమే పని. అంత మంచి బళ్లో కూడా ఆడపిల్లల్ని ఎక్కువమందిని నేత వైపే పంపారు. మరియానే బ్రాంట్ అనే ఆమె మాత్రం లోహం వర్క్‌షాపులో చేరింది, ఆమె చేసిన టీ పాత్రలూ దీపాలూ ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. అందుకని, 24ఫ్రేములు గారూ, మీ జట్ల పనులు పిల్లల్నే పంచుకోనిస్తే శుభ్రం చేసే పని ప్రతిసారీ ఏ అమ్మాయికో పడుతుంది. చూశాను. ప్రతి వారం పనులు మార్చాల్సిందే.

నేను చేయించేది ఒక నోటుబుక్కు, అంతే. బొమ్మ అయ్యాక రెండు ప్రశ్నలు: ఎక్కడ టైమ్ తెలీలేదు, ఎక్కడ విసుగొచ్చింది. దానికి మార్కుల్లేవు, నేను తప్పులు దిద్దను. ఒకమ్మాయి బొమ్మలు అంతంతమాత్రమే. కానీ ప్రదర్శన రోజుల పేజీలు నిండిపోయాయి. చిత్రం మధ్యభాగం నేల నుంచి 145 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా వేలాడదీయడం గ్యాలరీల్లో వాడుక, పెద్దవాళ్ల కంటి ఎత్తని. ఆ పిల్ల మా చిన్న క్లాసుల వాళ్లని గోడకి నిలబెట్టి కొలిచి, వాళ్లకి ఇది చాలా పైన అని మొత్తం కిందికి దింపించింది. ఆ పిల్లకి ఏం ఉద్యోగమొస్తుందో నాకు తెలీదు, అడగలేదు కూడా. తనకి ఏ పని ఇష్టమో తను రాసుకుంది, చాలు.

ఇద్దరుపిల్లలనాన్న:
ఆ నోటుబుక్కు బాగుంది. ఒకటి మిగిలింది, ఏఐ. అది క్షణంలో గీసేస్తుంటే వీళ్లు నేర్చుకుని ఏం లాభం?

అట్టమీదబొమ్మ:
నా సంగతి చెప్తా, అందరిదీ ఇలాగే ఉంటుందనను. రేపటికల్లా చిన్న బొమ్మొకటి కావాలనే పనులు నాకు తగ్గాయి. ప్రచురణకర్తతో కూర్చుని ఈ పుస్తకానికి ఏం కావాలో తేల్చే పని పెరిగింది. కొత్తగా వచ్చేవాళ్లు చేయి తిప్పుకునేది ఆ చిన్న పనుల్లోనే, కాబట్టి వాళ్లకే ఎక్కువ దెబ్బ. పిల్లలకి దాచి చెప్పకండి.

రంగులపెట్టె:
అందరికీ దండాలు. వచ్చే వారం ఫ్లిప్‌బుక్, వారం వారం పనులు మార్చి. పక్కన బొగ్గుముక్క గారి రెండు ప్రశ్నలు. టర్మ్ చివర్లో బల్ల బొమ్మ. మార్కులేమీ వెయ్యనని హెడ్‌మాస్టరు గారిని ఒప్పించాలి, అది నా తలనొప్పి. @పంటిపని గారూ, మా పిల్లలు మీ బల్ల గీస్తామంటే ప్రశ్నలు పంపమంటారా?

పంటిపని:
పంపండి మేడమ్, బల్ల ఫొటో మాత్రం ముందే ఇవ్వను. జీతం ఎంతని అడుగుతారు, ఆ ప్రశ్న కొట్టెయ్యకండి. నడుం నొప్పి గురించి కూడా అడగమనండి.