ఆరు దినాలా, కోట్ల ఏళ్లా? మా బాబుకి ఏం చెప్పాలి?

ప్రశ్న (చీమకుర్తి):
అందరికీ వందనాలు. మా ఆయన గ్రానైట్ క్వారీలో పనిచేస్తారు, బాబు టెన్త్. పరిణామం పాఠం విని వచ్చి, "సండే స్కూల్లో భూమికి ఆరు వేల ఏళ్లన్నారు, బడిలో 450 కోట్ల ఏళ్లన్నారు, ఇద్దరిలో ఎవరమ్మా అబద్ధం చెప్పేది" అని అడిగాడు. సంఘంలో ఒక పెద్దాయన్ని అడిగితే, పరీక్ష కోసం చదివి మర్చిపో అన్నారట. అప్పట్నుంచి వాడు రాత్రి ప్రార్థనకి కూర్చోవడం లేదు. కోపం కాదు, మనం ఏదో దాస్తున్నామని అనుమానం. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

కావలి నుంచి:
సిస్టర్, ఆదికాండము 1లో దేవుడు సృష్టి చేసిన ఆరు దినాలంటే ఆరు దినాలే అని నా నమ్మకం. "అస్తమయమును ఉదయమును" అని దినదినానికీ రాసుంది, నిర్గమకాండము 20:11లో విశ్రాంతి దినానికి ఆధారం కూడా అదే. రాళ్ల వయసు సంగతి ఎలా ఉన్నా, ఆదాము నిజంగా ఒక మనిషి కాకపోతే ఒక్క మనిషి వల్లే పాపం లోకంలోకి వచ్చిందని రోమా 5లో పౌలు చెప్పింది ఎలా నిలబడుతుంది? నా బాధంతా అక్కడే. అయినా పిల్లాణ్ణి మర్చిపొమ్మనడం మాత్రం తప్పు.

ఒంగోలు నుంచి:
అక్కా, నేను జియాలజీ చదివాను, గ్రానైట్ లైన్లోనే ఉన్నాను, ప్రతి ఆదివారం గుడికి వెళ్తాను. బాబుకి ముందు ఈ మాట చెప్పండి, ఆరు వేల ఏళ్లు అనే అంకె బైబిల్లో ఎక్కడా లేదు. ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో వంశావళులు, రాజుల ఏళ్లు కూడి క్రీ.పూ. 4004 అని లెక్క తేల్చారు, తర్వాత ఇంగ్లీషు బైబిళ్ల అంచుల్లో ఆ తేదీ అచ్చేశారు, అచ్చులో చూసి చూసి జనం దాన్నీ వాక్యమే అనుకున్నారు. ఇక దినం అంటారా, సూర్యుడు వచ్చిందే నాలుగో దినాన. ఆదికాండము 2:4లో మొత్తం సృష్టిని కలిపి "చేసిన దినమందు" అని ఒక్క దినంగా రాశారు. డార్విన్‌కి 1400 ఏళ్ల ముందే తొలినాటి క్రైస్తవ పండితుడు అగస్టీన్ అవి మామూలు దినాలు కావన్నారు, కాబట్టి ఇది సైన్సుకి భయపడి చేసుకున్న సర్దుబాటు కాదు.

మీ చీమకుర్తి నల్ల గ్రానైట్, అదే బ్లాక్ గెలాక్సీ, ముక్క ఒకటి తెచ్చి నీళ్లు పోసి ఎండలో తిప్పి చూపించండి. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. కరిగిన రాయి భూమి లోపల ఎంతో నిదానంగా చల్లారితేనే గింజలు అలా కళ్లకి కనిపించేంత పెరుగుతాయి. వయసంటారా, యురేనియం సీసంగా మారే వేగాన్ని బట్టి కడతారు, ఒక రకం యురేనియం సగం మారడానికే దాదాపు 447 కోట్ల ఏళ్లు. 1956లో ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త, భూమితో పాటే ఏర్పడిన ఉల్కల్లో సీసాన్ని కొలిచి భూమికి 455 కోట్ల ఏళ్లని తేల్చారు. ఆ చుక్కల్ని చూస్తే నాకు దేవుడి ఓపికే గుర్తొస్తుంది.

నెల్లూరు నుంచి:
మేము కాథలిక్కులం. మనిషి శరీరం పరిణామంలో వచ్చిందేమో పరిశోధించవచ్చని, ఆత్మను మాత్రం దేవుడే నేరుగా సృజిస్తాడని 1950లోనే 12వ పయస్ పోపు రాశారు. మనిషి జన్యువులన్నిటినీ చదివిన మానవ జీనోమ్ ప్రాజెక్టు నడిపిన ఫ్రాన్సిస్ కాలిన్స్ పరిణామాన్ని ఒప్పుకున్న ప్రొటెస్టెంట్ విశ్వాసి. బాబుకి ఆయన సంగతి చెప్పండి.

చీమకుర్తి:
అందరికీ థ్యాంక్స్. మా ఆయన రాయి ముక్క తెచ్చారు, వాడు అరుగు మీద కూర్చుని గంటసేపు దాన్నే తిప్పి చూశాడు. రాత్రి మా పక్కన వచ్చి కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక, "మరి ఆదాముకి అమ్మానాన్న ఉన్నారా" అని అడిగాడు. కావలి బ్రదర్, ఒంగోలు తమ్ముడూ, మీ ఇద్దరూ దీనికి ఏమంటారో రాయండి, వాడికే చదివి వినిపిస్తాను.