అడవిలో ఆచూకీ తీసేది డ్రోనా, మనిషా?

వంశధార_గట్టు (శ్రీకాకుళం):
2025 మే 21న ఛత్తీస్‌గఢ్ అబూజ్‌మాడ్ అడవిలో మావోయిస్టు ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావుతో సహా 27 మంది చనిపోయారు. ఆయనది మన కోటబొమ్మాళి మండలం జియ్యన్నపేట. అప్పట్నుంచి ఎక్కడ నలుగురు కూర్చున్నా ఒకటే మాట: డ్రోన్లొచ్చాక అడవిలో దాక్కోవడం కుదరదని. నాకు నమ్మకం కుదరడం లేదు. ఆ దాడిలో ముందున్నది డీఆర్‌జీ, అంటే అక్కడి పోలీసుల జిల్లా రిజర్వ్ గార్డ్. అందులో లొంగిపోయిన దళ సభ్యులూ, చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లూ ఉన్నారు. ఏ చెలమలో నీళ్లుంటాయో, సెంట్రీని ఎక్కడ పెడతారో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. మీరేమంటారు?

బొబ్బిలి_కోట:
టెక్నాలజీని అంత తేలిగ్గా తీసెయ్యకండి. 1996లో చెచెన్యా నాయకుడు దుదాయెవ్ శాటిలైట్ ఫోన్లో మాట్లాడుతుండగానే క్షిపణి వచ్చి పడింది. ఫోన్ల భయంతోనే ఇక్కడ దళాలు చీటీలకీ, కొరియర్లకీ తిరిగి వెళ్లాయి. దాంతో గంటలో చేరాల్సిన కబురుకి రోజులు పడుతుంది. మీటింగు రద్దయిన సంగతి తెలియక మనుషులొచ్చేస్తారు. ఒక్క కాల్ కూడా దొరక్కపోయినా నిఘా తన పని చేసినట్టే.

గుమ్మలక్ష్మీపురం_సంత:
బొబ్బిలి గారూ, కొరియర్ వరకూ మీ మాట నిజమే. కానీ బిన్ లాడెన్ ఇంటికి దారి చూపించింది కూడా కొరియరే కదా? అతన్ని గుర్తుపట్టడానికి మనుషులు చెప్పిన సమాచారమూ కావాల్సి వచ్చింది.

అసలు చిక్కు టైముతో. దళం సాయంత్రం ఆరింటికి ఒక గూడెంలో అన్నం వండించుకుందనుకోండి. చూసినవాడు ఆ రాత్రే కదిలితే ఊరంతా అనుమానిస్తుంది. సిగ్నల్ దొరికే మిట్టెక్కాలన్నా, సంతకి దిగాలన్నా తెల్లారాలి. దళం గంటకి మూడు కిలోమీటర్ల చొప్పున ఐదు గంటలు నడిస్తే 15 కిలోమీటర్లు. ఎటు వెళ్లిందో తెలీదు కాబట్టి వెతకాల్సిన అడవి 700 చదరపు కిలోమీటర్లకి పైనే. మర్నాడు రాత్రి కూడా నడిచిందంటే దానికి నాలుగింతలు. సంత ఇంకో నాలుగు రోజులుందంటే ఆ కబురు ఎందుకూ పనికిరాదు.

డ్రోనుతో ఇది తీరుతుందంటారు. దట్టంగా ఆకుపట్టిన సాల చెట్ల కింద థర్మల్ కెమెరాకి సరిగ్గా కనపడదు. కనపడినా వేడి మచ్చలే. అది దళమా, ఇప్పపువ్వు ఏరుకునే ఆడవాళ్లా అన్నది మచ్చ చెప్పదు. 2021 ఆగస్టు 29న కాబూల్లో అమెరికా వాళ్లు ఒక తెల్ల కారుని దాదాపు ఎనిమిది గంటలు పైనుంచి చూశారు. అందులో ఎక్కించిన నీళ్ల క్యాన్లని పేలుడు పదార్థాలనుకుని కొట్టారు. పదిమంది పోయారు, అందులో ఏడుగురు పిల్లలు.

బొబ్బిలి_కోట:
మరి మనిషి చెప్పిన కబురు తప్పవదా? 2012 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని సార్కేగూడ సంగతి చూడండి. మావోయిస్టులున్నారన్న సమాచారంతో రాత్రి సిల్గేర్ వైపు బయల్దేరిన బలగాలు దారిలో ఊరివాళ్ల సమావేశం మీద కాల్పులు జరిపాయి. 17 మంది చనిపోయారు. వాళ్లు మావోయిస్టులనడానికి ఆధారం లేదని న్యాయవిచారణ కమిషన్ తేల్చింది.

పాలకొండ_రికార్డు:
ఇద్దరూ సేకరణ దగ్గరే ఆగిపోయారు. దెబ్బ తినేది సరిచూడ్డంలో. చెప్పేవాడికి ఏ నుంచి ఎఫ్ వరకు ఒక గ్రేడు, చెప్పిన కబురుకి 1 నుంచి 6 వరకు ఇంకో అంకె, రెండూ విడివిడిగా వెయ్యాలి. నమ్మకస్తుడు కూడా విన్న మాటే మోసుకొస్తాడు. తాగుబోతు కళ్లారా చూసి ఉండొచ్చు. రెండూ కలిపి "పక్కా సమాచారం" అని రాసేస్తే ఈ తేడా చెరిగిపోతుంది.

ఏవోబీలో, అంటే ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో, ఇంకో ముప్పుంది. ఒకే ఇన్ఫార్మర్ ఇటు ఆంధ్రా వాళ్లకీ అటు ఒడిశా వాళ్లకీ చెప్తే, ఉమ్మడి సమావేశంలో ఒక కబురే రెండు చోట్ల నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది. మూలం పేరు ఎవరూ బయటపెట్టరు, పెట్టకూడదు కూడా. అందుకే చెప్పినవాడు ఏ రోజు, ఏ దారిన, ఎంత దూరం నుంచి చూశాడో పోల్చాలి. ఇద్దరి వివరాలూ అచ్చు ఒకేలా ఉన్నాయంటే సంతోషించక్కర్లేదు, అనుమానించాలి. పోడు భూమి తగాదాలో ఎదుటివాడి పేరు ఇచ్చేసే రకం సరేసరి.

అన్నట్టు, ఒడిశాలోని బలిమెల రిజర్వాయర్ సంగతి మర్చిపోకండి. 2008 జూన్ 29న కూంబింగ్ ముగించుకుని లాంచీలో తిరిగొస్తున్న ఆంధ్రా ప్రత్యేక బలగం గ్రేహౌండ్స్ మీద కొండ మీంచి కాల్పులు జరిగాయి, 38 మంది పోయారు. ఆ రోజు నిఘా గెలిచింది అవతలి వాళ్లదే. వాళ్లకి డ్రోను అక్కర్లేకపోయింది, లాంచీ ఏ దారిన వస్తుందో తెలిస్తే చాలింది.

సీతంపేట_బావు:
ఇదంతా సరేగానీ, కబురు చెప్పినోడి గతేటి? డబ్బులిచ్చేవోడు రెండ్రోజులుండి ఎల్లిపోతాడు. ఊళ్లో ఉండేది ఉప్పందించినోడే కదా బావూ. ఇన్ఫార్మర్ అన్న ముద్ర పడితే అన్నలు ఒగ్గరు, చెప్పకపోతే పోలీసులు ఒగ్గరు.

వంశధార_గట్టు:
దీనికి మలయాలో (ఇప్పటి మలేషియా) ఒక దారి తొక్కారు. 1952లో తంజోంగ్ మాలిమ్ దగ్గర 12 మందిని గెరిల్లాలు చంపాక, అక్కడి బ్రిటిష్ హైకమిషనర్ టెంప్లర్ ఇంటింటికీ ఒక ప్రశ్నల కాగితం పంపించాడు. పేరు రాయక్కర్లేదు, అందరూ తిరిగివ్వాల్సిందే. పెట్టెలకి సీలు వేసి, ఊరి పెద్దల ఎదుటే కౌలాలంపూర్లో తెరిచారు. అందరూ కాగితం ఇచ్చారు కాబట్టి ఎవరు చెప్పారో కనిపెట్టే వీల్లేదు.

పాలకొండ_రికార్డు:
సగమే చెప్పారు మాస్టారూ. కాగితాల కంటే ముందు ఆ ఊరి మీద రోజుకి 22 గంటల కర్ఫ్యూ పెట్టి, బియ్యం కోత కోశాడు. అప్పటికే లక్షల మంది జనాన్ని కంచె వేసిన ఊళ్లకి తరలించారు. మన్యంలో అది చేస్తే కబురు రాదు సరికదా, కుర్రాళ్లు నేరుగా దళంలోకే పోతారు. 1967లో లేవిడిలో ఇద్దరు గిరిజనుల్ని భూస్వాముల మనుషులు చంపాక జరిగింది అదే. 1970లో గిరిజన భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం వచ్చింది. భూమి మీద కాస్త హక్కు చిక్కినవాడు ఎవరికి ఏం చెప్తాడన్నది మారుతుంది. ఇది నా అభిప్రాయం, ఎవరైనా కొట్టిపారెయ్యొచ్చు.

బొబ్బిలి_కోట:
కొట్టిపారెయ్యను గానీ, చట్టంతో కొండ మీద దళం జాడ తెలీదు. బావు అడిగిన దాన్లో డబ్బు మాట ఒకటి మిగిలింది. రివార్డు మొత్తం ఒకేసారి ఇస్తే నెల తిరక్కుండా గూడెంలో కొత్త బైకు కనపడుతుంది, ఇంక పేరు చెప్పక్కర్లేదు. కొద్దికొద్దిగా, పిల్లల హాస్టల్ ఖర్చు రూపంలోనో, పాత అప్పు తీరినట్టుగానో చేరేలా చూడాలి. ఆ ఊరికి సంబంధం లేని వేరే సంతలో ఇవ్వాలి.

సీతంపేట_బావు:
ఏరే సంతకి ఎందుకెల్లినాడని అడిగితే ఏటి చెప్తాడు?