పాత మారుతి 800లో ఆయిళ్లన్నీ ఇంటి దగ్గరే మార్చాలి: ఏది ముందు, ఏది ఎంత?

ఎర్రబండి_98

1998 మారుతి 800, కార్బ్యురేటర్ బండి, నాలుగు గేర్లు, ఏసీ లేదు. మూడేళ్లుగా షెడ్డులో కదలకుండా ఉంది. ఇంజన్ పట్టేయలేదు, క్రాంక్ పుల్లీకి పానా వేసి తిప్పితే తేలిగ్గానే తిరుగుతోంది. స్టార్ట్ చేయకముందే లోపలున్నవన్నీ దించేసి కొత్తవి పోయాలనుకుంటున్నాను.

ఇప్పుడున్న పరిస్థితి ఇదీ. డిప్‌స్టిక్ మీద ఇంజన్ ఆయిల్ పై గీత దాటి వేలెడు ఎత్తులో ఉంది. రేడియేటర్‌లో కూలెంట్ కాదు, తుప్పు నీళ్లు. బ్రేక్ ఆయిల్ డికాక్షన్ రంగులో ఉంది. గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎక్కడా రాసి లేదు. షాపులో ఈపీ-90 గేర్ ఆయిల్ అడిగితే జీఎల్-5 రకం డబ్బా ఇచ్చారు, ఇంకా సీలు తీయలేదు. ఏ వరసలో చేయాలి, ఏది ఎంత పడుతుంది, ఇంజన్ ఫ్లష్ (లోపలి మడ్డి కడిగే మందు) వాడాలా వద్దా చెప్పండి.

పానాల_పెట్టె

ఆ డిప్‌స్టిక్ సంగతి తేలకుండా మిగతావి ముట్టుకోకండి. ఆయిల్ దానంతటది పెరగదు. ఎవరో ఎక్కువ పోసి ఉండాలి, లేదా పెట్రోలో నీళ్లో కలిసి ఉండాలి. డిప్‌స్టిక్ వాసన చూడండి. కార్బ్యురేటర్ 800లో పెట్రోల్ పంపు మెకానికల్, ఇంజన్‌కే బిగించి ఉంటుంది. దాని డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ నేరుగా ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. వాసన వస్తే పంపు కూడా మార్చాల్సిందే, లేకపోతే కొత్త ఆయిల్ కూడా వారంలో నీళ్లలా పలచబడి బేరింగులు తినేస్తుంది. నీళ్లయితే ఆయిల్ పోసే మూత లోపల మీగడలాంటి తెల్లటి పొర కనిపిస్తుంది, డ్రెయిన్ బోల్టు తీయగానే ఆయిల్ కంటే ముందు నీళ్లు వస్తాయి. అప్పుడు అనుమానం హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) మీదికి పోవాలి.

మామూలుగా ఇంజన్ వేడి చేసి ఆయిల్ దించుతాం. ఇక్కడ అక్కర్లేదు. మూడేళ్లలో దిగాల్సిందంతా చాంబర్‌లోకి దిగే ఉంటుంది. బోల్టు తీసి రాత్రంతా వదిలేయండి. బోల్టుకి రింగు పానా గానీ ఆరు పలకల సాకెట్ గానీ వాడండి, ఫిక్స్ పానా పెడితే తల గుండ్రమైపోతుంది. కొత్త వాషర్ వేసి 35 న్యూటన్ మీటర్ల దగ్గర బిగిస్తే చాలు. పైపు తగిలించి బిగించేవాళ్లే మరలు పోగొట్టేది.

ఫిల్టర్ విప్పాక పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉందేమో వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే, స్టార్ట్ చేసిన నిమిషంలో ఆయిలంతా నేలపాలు. కొత్త రింగుకి ఆయిల్ రాసి, తగిలాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పండి.

20డబ్ల్యూ-40 మినరల్ ఆయిల్ మూడు లీటర్ల డబ్బా తెచ్చుకోండి. ముందు రెండున్నర పోసి, పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ చూస్తూ మిగతాది కొంచెం కొంచెంగా పోయండి. ఫ్లష్ మాత్రం నా మాట విని వద్దు. పాతికేళ్ల మడ్డి ఒక్కసారిగా ఊడితే చాంబర్ అడుగున ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడుతుంది. దాని బదులు ఈ ఆయిల్ వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లకే దించేసి, ఫిల్టర్‌తో సహా మళ్లీ కొత్తది పోయండి. మడ్డి మెల్లగా కరిగి వస్తుంది.

మొదటి స్టార్ట్‌కి ముందు ప్లగ్గులు మూడూ తీసి సిలిండర్‌కి ఒక టీ చెంచా ఆయిల్ వేయండి. కాయిల్ వైరు తీసేసి, పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ లైటు ఆరాకే ప్లగ్గులు బిగించాలి.

ఇక గేర్ ఆయిల్. దించే బోల్టు కంటే ముందు పోసే బోల్టు వదులు చేయాలి. వరస తప్పితే, పాత ఆయిల్ దిగిపోయాక పై బోల్టు రాదు, బండి కదలని స్థితిలో ఇరుక్కుపోతుంది. కొన్నిటికి బయట తల ఉండదు, లోపల గుంత ఉంటుంది. కింద పడుకుని చూసి, సరిపడే పానా చేతికొచ్చాకే మొదలుపెట్టండి. రెండు లీటర్ల పైచిలుకు పడుతుంది, మూడు తెచ్చుకోండి. బానెట్ పైనుంచి గరాటుకి సన్నటి ట్యూబు తగిలించి పోయడం తేలిక. పోసే రంధ్రం నుంచి పొంగి సన్నటి ధార కారితే నిండినట్టు, కానీ బండి నాలుగు వైపులా సమంగా ఉంటేనే ఆ లెక్క నిజం. ముందు భాగం ఒక్కటే ఎత్తి పోస్తే తప్పు లెవెల్ చూపిస్తుంది. బోల్టుల మరలకి కొద్దిగా సీలెంట్ రాసి బిగించండి.

ఆ జీఎల్-5 డబ్బా వెనక్కిచ్చి 75డబ్ల్యూ-90 లేదా 80డబ్ల్యూ-90లో జీఎల్-4 తెచ్చుకోండి. జీఎల్-5లో గంధకం, భాస్వరం మందులు ఎక్కువ, అవి వెనక యాక్సిల్ హౌసింగులకి కావాలి. ఈ గేర్‌బాక్స్‌లో సింక్రో రింగులు (గేరు సాఫీగా పడేలా చేసేవి) ఇత్తడివి, కొన్ని జీఎల్-5 ఆయిళ్లు వాటిని తినేస్తాయి. దించిన ఆయిల్ తెల్లటి గుడ్డలో వడగట్టి చూడండి. బూడిద రంగు సన్నటి ముద్ద అరుగుదల, భయం లేదు. బంగారు రంగు రేకులు కనిపిస్తే సింక్రోలు పోతున్నాయి. ఉక్కు ముక్కలు వస్తే గేర్‌బాక్స్ విప్పాలి.

గోదారి_గట్టు

కూలెంట్ గురించి. ఇంజన్ చల్లగా ఉంటే థర్మోస్టాట్ (వేడెక్కితేనే కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) మూసుకునే ఉంటుంది, కాబట్టి రేడియేటర్ ఖాళీ చేసినా బ్లాకులోని తుప్పు నీళ్లు అక్కడే ఉండిపోతాయి. కింది హోస్ తీసి దించాక, థర్మోస్టాట్ విప్పి పైపు నీళ్లు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు వదలండి. హీటర్ నాబ్ వేడి వైపు తిప్పి ఉంచండి. హోస్ అతుక్కుపోయి ఉంటే లాగొద్దు, రేడియేటర్ ముక్కు దెబ్బతింటుంది. నిలువునా కోసి పడేయండి, హోస్ కొత్తది దొరుకుతుంది. తుప్పు వదలడం లేదని బాత్రూమ్ యాసిడ్ పోసేవాళ్లున్నారు. బ్లాకు ఇనుమే గానీ హెడ్డు అల్యూమినియం, యాసిడ్‌కి అది బతకదు.

కడిగాక థర్మోస్టాట్ మళ్లీ పెట్టాలి. ఎండల దేశం, ఇది దేనికని మన దగ్గర షెడ్డుల్లో చాలా బళ్లకి తీసి పారేస్తారు. అది లేకపోతే ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ ఆరక మడ్డి కడుతుంది. గిన్నెలో నీళ్లు కాచి అందులో వేసి చూడండి. నీళ్లు మరగకముందే తెరుచుకుంటే బాగున్నట్టు.

మొత్తం మూడున్నర లీటర్ల దగ్గర పడుతుంది. కాన్సన్‌ట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి కూలెంట్) అయితే రెండు లీటర్లు, దానికి సమంగా బ్యాటరీ వాటర్ కలపండి. బోరు నీళ్లు వద్దు, వాటిలోని సున్నం బ్లాకులో పొలుసు కడుతుంది. చివరిసారి కడగడం కూడా బ్యాటరీ వాటర్‌తోనే. డబ్బా మీద నేరుగా పోసుకోవచ్చని రాసి ఉంటే అందులో నీళ్లు కలపొద్దు. మూత తెరిచే ఉంచి ఇంజన్ ఐడిల్‌లో వదిలేయండి. బుడగలు ఆగి, పై హోస్ వేడెక్కి, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగాకే గాలి పోయినట్టు. తుప్పే సీలులా పట్టుకుని ఉన్న సన్నటి రంధ్రాలు కడిగాక బయటపడతాయి, మొదటి వారం రోజూ పొద్దున్నే బండి కింద చూడండి. దించిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలకి, పిల్లలకి అందేలా బేసిన్‌లో వదలొద్దు.

డ్రమ్ము_డిస్కు

బ్రేకులు అయ్యేవరకు బండి గేటు దాటొద్దు. మూడేళ్లు ఆగిన బండిలో కొత్త ఆయిల్ పోయడం రెండో పని. మొదటిది వెనక డ్రమ్ములు విప్పి వీల్ సిలిండర్ల (చక్రం దగ్గర బ్రేకుని తోసేవి) రబ్బరు టోపీ అంచు ఎత్తి చూడటం. లోపల తడి ఉంటే సిలిండర్ మార్చాలి.

బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్-3 గానీ డాట్-4 గానీ పోయొచ్చు, డాట్-5 మాత్రం సిలికాన్, వీటితో కలవదు. అర లీటరు సీసాలు రెండు కొనండి, లీటరు సీసా ఒక్కటి కాదు. తెరిచిన సీసా గాల్లోని తేమ లాగేస్తుంది. ఆ తేమ వల్లే డాట్-3 మరిగే వేడి 205 డిగ్రీల నుంచి 140కి పడిపోతుంది, ఘాట్ దిగుతుంటే పెడల్ మెత్తబడి లోపలికి పోయేది అందుకే.

ట్యాంకులోని పాత ఆయిల్‌ని సిరంజితో లాగేసి కొత్తది నింపండి. మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసేది) అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి. నిపుల్‌కి (చక్రం దగ్గర ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న బోల్టు) ట్యూబు పెట్టి, రెండో కొస కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. లోపల మనిషి పెడల్ నొక్కి పట్టుకుంటే మీరు నిపుల్ వదలాలి, మీరు మళ్లీ బిగించాకే అతను కాలు తీయాలి. ట్యాంకు కనిష్ఠ గీత కిందికి పోతే గాలి పీలుస్తుంది, మొదటికొస్తుంది.

పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టండి. మామూలుగా పెడల్ సగమే దిగుతుంది కాబట్టి మాస్టర్ సిలిండర్‌లో ఆ అవతలి భాగం తుప్పు పట్టి ఉంటుంది. అడుగంటా తొక్కితే లోపలి రబ్బరు ఆ తుప్పు మీదికెళ్లి చిరుగుతుంది, అంతవరకు పని చేసిన బ్రేకు ఆ పూటతో పోతుంది.

ఎర్రబండి_98

డిప్‌స్టిక్‌కి పెట్రోల్ వాసనే వస్తోంది, పంపు మారుస్తాను. వెనక ఎడమ నిపుల్ కదలడం లేదు. గట్టిగా తిప్పితే విరిగేలా ఉంది. క్లచ్‌కి, స్టీరింగ్‌కి కూడా ఆయిల్ ఉంటుందా?

డ్రమ్ము_డిస్కు

బలం పెట్టొద్దు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున నిపుల్ తల మీద చిన్న సుత్తితో తేలిగ్గా తడుతూ రింగు పానాతో ముందు బిగించే వైపు కొద్దిగా, తర్వాత వదిలే వైపు ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే సిలిండర్ మొత్తం మార్చడం మంచిది. రంగు మీద బ్రేక్ ఆయిల్ చుక్క పడితే తుడవొద్దు, వెంటనే నీళ్లు పోసి కడగండి.

పానాల_పెట్టె

మీ బండిలో క్లచ్ కేబుల్‌తో పని చేస్తుంది, స్టీరింగ్ మాన్యువల్. రెండింటికీ పోసే ఆయిల్ లేదు. కేబుల్ కొసలకి గ్రీజు రాయండి, చాలు.

వరస: ట్యాంకులో పాత పెట్రోల్ తీయడం, పంపు, ఇంజన్ ఆయిల్, కూలెంట్, అప్పుడు స్టార్ట్. గేర్ ఆయిల్, బ్రేకులు అయ్యాక రోడ్డు. పంపుతో పాటు రబ్బరు పెట్రోల్ పైపులు కూడా మార్చండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, ఆ కాలం రబ్బరు దానికి తట్టుకోదు. పెట్రోల్ తీసేటప్పుడు బ్యాటరీ వైర్లు తీసేయండి, తలుపులు తెరిచి ఉంచండి.

కింద దూరేముందు బండిని స్టాండ్ల మీద నిలబెట్టాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వద్దు, హఠాత్తుగా పగులుతాయి. జాకీ ఎత్తడానికే, ఆపడానికి కాదు. పాత ఆయిళ్లు వేటికవి వేరే డబ్బాల్లో పట్టి, ఇంజన్, గేర్ ఆయిళ్లు పాత ఆయిల్ కొనేవాళ్లు వచ్చే షెడ్డులో ఇవ్వండి. బ్రేక్ ఆయిల్, కూలెంట్ వాటిలో కలిపితే వాళ్లు తీసుకోరు.