అప్‌డేట్: మాక్‌బెత్ షార్ట్ ఫిల్మ్, మంత్రగత్తెల సంగతి

పోయిన నెల అడిగాను కదా, షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్‌ని దేవరకొండ పక్క ఊరి కథగా తీస్తున్నాం, అందులో హీరోకి 'కాబోయే రాజువి నువ్వే' అని జోస్యం చెప్పే ముగ్గురు మంత్రగత్తెలను ఏం చేయాలి అని. అదే కథతో 2003లో వచ్చిన హిందీ సినిమా 'మక్బూల్'లో వాళ్లను ఇద్దరు పోలీసులుగా మార్చారు, చూడమన్నారు. చూశాను, బాగుంది, కానీ పోలీసులు మా కథకు నప్పలేదు. తెల్లారుజామున డమరుకం వాయిస్తూ వచ్చే బుడబుక్కలాయనను పెట్టాం, ఒక్కడే, "కాబోయే సర్పంచివి నువ్వే దొరా" అని బియ్యం పోయించుకుని పోతాడు. అంతే, మిగతాదంతా మొగుడూ పెళ్లాలే చేసుకుంటారు.

హత్య చేయించిన ఆ పెళ్లాం నిద్రలో నడుస్తూ చేతులు కడుక్కునే సీన్ బోరు దగ్గర పెట్టాం. నెత్తురేమో బెల్లం పాకంలో కుంకుమ, చీమలు పట్టి నాలుగు టేకులు పోయాయి. ఐదో టేకులో కరెంటు పోయి నీళ్లు ఆగాయి, ఆమె మాత్రం ఆగకుండా ఉత్త చేతులే రుద్దుకుంటూ కూర్చుంది. అదే ఉంచేశాం. ఎడిటింగ్ ఇంకా సగం కూడా కాలేదు.