ఫోను పక్కన పెట్టి ఫాంటసీ నవల పట్టుకుంటే కాలం మిగిలినట్టేనా?

వెన్నెలపుట:
మూడు నెలలుగా రాత్రి తొమ్మిదయ్యాక ఫోను పక్క గదిలో పెట్టేసి ఫాంటసీ నవల చదువుతున్నాను. అంతకుముందు ఆ వేళంతా చిన్న చిన్న వీడియోలకే పోయేది. పడుకునేసరికి ఏమేం చూశానో ఒక్కటీ గుర్తుండేది కాదు. ఇప్పుడు నాలుగో నవల నడుస్తోంది. సంతోషంగా ఈ సంగతి చెబితే నా స్నేహితురాలు, "అదీ పగటికలే, ఇదీ పగటికలే. చదవాలనుకుంటే చరిత్రో విజ్ఞానశాస్త్రమో చదువు" అంది. ఆ మాట గుచ్చుకుంది. లేని రాజ్యాల కథలు చదవడం కూడా కాలం వృథా చేసుకోవడమేనా? మీ అనుభవం చెప్పండి.

సూటిమాట:
మీ స్నేహితురాలి మాటలో నిజముంది. నేనూ ఆ దారిలో నడిచినవాణ్నే కాబట్టి చెబుతున్నాను. ఫోను తగ్గించుకోవాలనే రాబర్ట్ జోర్డన్ రాసిన ఫాంటసీ నవలల వరుస 'వీల్ ఆఫ్ టైమ్' మొదలుపెట్టాను. 1990 నుంచి 2013 దాకా వచ్చిన 14 సంపుటాలవి. రచయిత 2007లో చనిపోతే చివరి మూడింటినీ బ్రాండన్ శాండర్సన్ పూర్తిచేశారు. అవన్నీ చదవడానికి నాకు ఏడాది పైనే పట్టింది. ఫోను తగ్గింది, కాదనను. కానీ ఆ ఏడాది రాయాల్సిన పరీక్ష రాయలేదు, ఇంట్లోవాళ్లతో నాలుగు మాటలు ఎక్కువగా మాట్లాడిందీ లేదు. ఫోనులో తల దూర్చినా పుస్తకంలో తల దూర్చినా ఎదుటి మనిషికి కనిపించేది మన నడినెత్తే. తప్పించుకోవడం తప్పించుకోవడమే.

తీరికవేళ:
సూటిమాట గారూ, ఆ చివరి వాక్యం దగ్గరే మీతో విభేదిస్తాను. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ 1939లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో అద్భుత కథల గురించి ఒక ఉపన్యాసం ఇచ్చారు. ఖైదీ చెర నుంచి తప్పించుకోవడం వేరు, సైనికుడు యుద్ధరంగం వదిలి పారిపోవడం వేరు, ఈ రెంటినీ కలిపేసి అద్భుత కథలను తిట్టడం అన్యాయం అని ఆయన వాదన. పరీక్ష ఎగ్గొట్టి చదివితే అది పారిపోవడమే. రోజంతా పని చేసి అలసిన మనిషి రాత్రి ఒక గంట చదువుకుంటే దాన్ని పారిపోవడమని ఎలా అంటాం?

ఇక రెండూ ఒకటేనా అన్న ప్రశ్న. పుస్తకంలో అధ్యాయం అయిపోతుంది. సగం ఖాళీగా ఉన్న ఆ పేజీ దగ్గర కన్ను ఆగుతుంది, 'ఈపూటకు చాలా?' అని మనసు అడుగుతుంది. ఫోను తెర మీద ఆ ఖాళీ చోటును కావాలనే తీసేశారు. వేలితో తోసేకొద్దీ అంతం లేకుండా వస్తూనే ఉండే ఆ పద్ధతిని 2006లో రూపొందించిన ఎజా రాస్కిన్, తర్వాత తానే దాని గురించి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డారు. పైగా, తర్వాత వచ్చేది బాగుంటుందో లేదో ముందుగా తెలియదు. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియని పావురం బిళ్లను పొడుస్తూనే ఉంటుందని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు చూపించాయి. మన బొటనవేలు చేసేదీ అదే. నవల అలా కాదు. మొదటి యాభై పేజీలు విసుగు పుట్టించినా ఓపిక పట్టమంటుంది. ఎవరు ఎవరి కొడుకు, ఏ నది ఏ కోటను ఆనుకొని పారుతుంది, ఆ ప్రపంచంలో మంత్రానికి మూల్యం ఏమిటి, ఇవన్నీ మనసులో పెట్టుకొని రోజుల తరబడి మోయాలి. చెదిరిపోయిన ఏకాగ్రతకు ఇంతకన్నా మంచి సాధన నాకు దొరకలేదు. చరిత్ర పుస్తకాలూ చదువుతాను. కానీ రాత్రి పదింటికి ఫోను కేసి పోయే చేతిని ఆపగలిగింది మాత్రం 'తర్వాత ఏమైంది' అన్న ఆత్రమే.

పటంపిచ్చి:
ఈ దారిలో ఒక గొయ్యి ఉంది, నేను పడ్డాను. ఫాంటసీలో పాత్రలు ఎక్కువ. రెండో సంపుటంలో ఒక పేరు కనిపించింది, ఎవరో గుర్తురాలేదు. చూద్దామని ఫోను తీశాను. ఆ పాత్ర ఎలా చనిపోతుందో మొదటి వరుసలోనే రాసి ఉంది! అక్కడి నుంచి అభిమానుల వాదనలు, ఆ వాదనల మీద వీడియోలు. తలెత్తేసరికి నలభై నిమిషాలు అయింది. పుస్తకం ఒళ్లో బోర్లా పడి ఉంది.

అప్పటి నుంచి అట్టముక్క ఒకటి గుర్తుగా పెట్టుకుంటున్నాను. కొత్త పేరు రాగానే పెన్సిల్‌తో దాని మీద రాస్తాను: పేరు, ఎవరి మనిషి, ఏ పేజీలో వచ్చాడు. కథ జరిగే చోటు మారితే ముందు పేజీల్లోని పటం తిప్పి చూస్తాను. నవల అయ్యేసరికి అట్టకు రెండు వైపులా నిండిపోతుంది. ఆ అట్టలన్నీ దాచాను. ఏది తీసి చూసినా కథ మొత్తం కళ్లముందుకు వస్తుంది. ఫోనులోనే నవల చదువుతాననే వారికి మాత్రం నా అనుభవం ఒక్కటే చెబుతాను: పైనుంచి ఒక్క నోటిఫికేషన్ జారితే చాలు, పేజీ పోయినట్టే.

సూటిమాట:
తీరికవేళ గారు చెప్పిన ఖాళీ పేజీ సంగతి ఒప్పుకుంటున్నాను. నేను ఆ ఖాళీ దగ్గర ఆగలేదు, తప్పు నాదే. కానీ 14 సంపుటాల వరుసను అంటుకున్నవారికి 'తర్వాత ఏమైంది' అన్న ఆత్రమూ వదిలేది కాదు. తెల్లవారు మూడింటి దాకా చదివిన రాత్రులు నాకు లెక్కలేనన్ని. కొత్తగా మొదలుపెట్టేవారు ఒకే సంపుటంలో ముగిసే నవల ఎంచుకోవాలి. ఈ మాట మీద మాత్రం వెనక్కి తగ్గను.

వెన్నెలపుట:
అందరికీ కృతజ్ఞతలు. సూటిమాట గారూ, నాది మూడు సంపుటాల వరుస, ఇప్పటికే మధ్యలో ఉన్నాను, వదలలేను. పదకొండింటికి దీపం ఆర్పేయాలని నియమం పెట్టుకున్నాను. పటంపిచ్చి గారూ, మీ మాట చదివాక పాత క్యాలెండర్ అట్ట కత్తిరించి పేర్లు రాయడం మొదలుపెట్టాను. పదిహేడు పేర్లు వచ్చాయి. వాటిలో ఇద్దరు అన్నదమ్ములని నిన్న రాత్రి రాస్తుంటేనే తెలిసింది!